సెనెకా సరస్సుకు పోయే ముందు

చిన్ని బిడ్డకు,

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేసిండు. "నీ మేనకోడలు దోస్తులతోని వైన్ తాగనీకి పోతదట, నువ్వన్నా చెప్పు" అన్నడు. న్యూజెర్సీ నుంచి అయిదు గంటలు ప్రయాణం చేసి న్యూయార్క్ రాష్ట్రంల సరస్సులుండే ఫింగర్ లేక్స్ దాకా వచ్చి, చిన్న చిన్న వైనరీలు తిరిగి, ద్రాక్ష పండించేటోళ్లతోనే మాట్లాడాలని మా అన్న బిడ్డకు అనిపించిందంటే నాకు సంబురమే అయింది. అదే చెప్పిన. కానీ ఫోన్ పెట్టే ముందు ఆయన ఇంకొక మాట అన్నడు: "భయం లేదట. బండి అదే నడుపుతదట. అది తాగదట, ఊరికే నాలికకు తగిలిస్తదట." ఆ మాట విన్నంక నాకు తెల్లారేదాకా కన్ను మూతపడలే.

మామూలు సంగతులు ముందు చెప్పేస్త. అక్టోబర్ శనివారాలు జాతర లెక్క ఉంటది, వీలైతే శుక్రవారం రండి. మీరు ఎక్కువ మంది ఉంటే ముందే ఫోన్ చేయాలె. అందరి దగ్గర ఐడీ ఉండాలె. సెంటు కొట్టుకోవద్దు, పక్కనోళ్లకు గ్లాసుల వాసన తెలువదు. కడుపు నిండా తిని బయలుదేరుండ్రి. రోజుకు మూడు చోట్లు చాలు.

పోయినంక రీస్లింగ్ అడుగు, అది తెల్లద్రాక్ష వైన్. సీసా వెనక లేబుల్ మీద చానా మంది చిన్న గీత గీసి, అది డ్రైనా తీపా అని గుర్తు పెడతరు. డ్రైతో మొదలుపెట్టి తీపి దిక్కు రా. ఇంత చలిల ఆ తీగ ఎట్ల బతుకుతదని కౌంటర్ దగ్గరోళ్లను అడుగు, వాళ్ల మొహం వెలుగుతది. సెనెకా లోతు 618 అడుగులు. అన్ని నీళ్లు ఎండాకాలం పట్టుకున్న వేడిని చలికాలం పొడుగునా మెల్లగ వదులుతయి. ఎండాకాలం ముందు అవే నీళ్లు ఇంకా చల్లగ ఉంటయి గనుక మొగ్గ తొందరపడి విచ్చుకోదు, ఆఖరి మంచుకు మాడిపోదు. తోటలన్నీ సరస్సు వాలు పట్టుకొని ఉండేది అందుకే.

అయినా యూరప్ తీగ ఇక్కడ నిలవదనే చానా ఏండ్లు అనుకున్నరు. ఒడెస్సాల చదువుకున్న కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ 1951ల, యాభై దాటినంక, ఈ దేశం వచ్చిండు. చలికి ఆగే వేర్ల మీద అంటు కట్టి చూపిచ్చి, 1962ల క్యూకా సరస్సు దగ్గర సొంత వైనరీ పెట్టిండు. కొత్త దేశంల నా మాట ఎవరింటరని నాకు బుగులైనప్పుడల్లా ఆయనే యాదికొస్తడు. ఇంకొకటి, 1976ల న్యూయార్క్ రాష్ట్రం ఫార్మ్ వైనరీ చట్టం తెచ్చింది. చిన్న రైతు తన వైన్ తన వాకిట్లనే జనానికి అమ్ముకునే తొవ్వ దానితోనే పడ్డది. నువ్వు నిలబడబోయే ఆ చిన్న కౌంటర్లు అట్ల వచ్చినయే.

కాన్‌కర్డ్ ద్రాక్షతో చేసిన తీపి వైన్ పోస్తే మూతి ముడవకు. మీ నానమ్మ దాన్ని వాసన చూసి, "ఇది మన బెంగళూరు నల్లద్రాక్షనే గదనే" అన్నది. ఎంత సరిగ్గ చెప్పిందో నాకు తర్వాత తెలిసింది, రెండూ ఒక్క జాతి వాసనే. పొద్దున దించిన కల్లు వేరు, మాపటి కల్లు వేరు అని ముక్కుతోనే చెప్పే మనిషి ఆమె.

ఇగ అసలు సంగతి. మీ బాపుకు ఇప్పటికీ తెలువదు.

మీ నానమ్మ రాచెస్టర్‌ల మా దగ్గరకొచ్చిన ఏడు, 2004 అక్టోబర్‌ల, సరస్సు చూపిద్దామని తీసుకపోయినం. మీ మామ తాగుతడు గనుక బండి నాది. "నేను తాగను, ఊరికే రుచి చూస్త" అన్న. నువ్వన్న మాటే. మొదటి రెండు చోట్ల గ్లాసు వాసన చూసి పక్కకు పెట్టిన. మూడోది డండీ దగ్గర చిన్న షెడ్డు. కోత నడుస్తున్నది. తోట పెద్దమనిషే వచ్చి పోసిండు, ఆయన వేళ్లు ఊదారంగున్నయి. ఒక్కొక్కటి పోసుకుంటా ఏ వాలు మీద పండిందో, ఏ ఏడు వాన పాడుచేసిందో చెప్తున్నడు. ఉమ్మనీకి కౌంటర్ మీద బకెట్ ఉండె. బిడ్డా, పెట్టినాయన ముంగట ఎంగిలి ఉమ్ముడు నాతోని కాలే. అన్నం ముద్ద పారేసినట్టు అనిపించింది. మింగిన. ఆరు రకాలు మింగిన. నేను మంచిగ వింటున్ననని ఆయన లోపలికి పోయి ఇంకో సీసా తెచ్చిండు. అదీ రెండుసార్లు. పొద్దున తిన్న ఉప్మా ఎప్పుడో అరిగిపోయింది.

నాకు మత్తు అనిపించలే, అదే ఘోరం. మాటలు తేటగనే ఉన్నయి. పెన్ యాన్ దిక్కు పోతుంటే పొద్దు గుంకుతున్నది. ఆ రోడ్ల మీద మెన్నోనైట్ల గుర్రబ్బగ్గీలు నడుస్తయి, వాళ్లు పాత పద్ధతుల బతికే క్రైస్తవులు. చిన్న గడ్డ ఎక్కి దిగంగనే ముంగట బగ్గీ వెనక తగిలించే నారింజ రంగు త్రికోణం కనపడ్డది, ఒక్కసారే ఇంత పెద్దగైంది. స్టీరింగ్ పక్కకు గుంజిన. బండి గడ్డిల నుంచి పోయి కాలువల ఒరిగింది. బగ్గీ వెనక కిటికీల ఇద్దరు పిల్లలు, నెత్తి మీద నల్ల టోపీలు, నన్నే చూస్తున్నరు.

ఎవరికీ దెబ్బ తగల్లే. వాళ్ల నాయన గుర్రాన్ని కట్టేసి వచ్చి, మొదలు మీ నానమ్మను చెయ్యి పట్టి దించిండు. నా దగ్గర వాసన వచ్చే ఉంటది, ఒక్క మాట అనలే. ట్రాక్టర్ ఉన్నోళ్లను పిలుచుకొచ్చిండు. వాళ్లు బండి బయటికి గుంజినంక తాళం చెవులు నా చేతికియ్యకుండ తన జేబుల వేసుకొని, వాళ్లింటికి తోలుకపోయిండు. రాత్రి తొమ్మిదైనంకనే చెవులు తిరిగిచ్చిండు. మీ నానమ్మ ఆ వంటింట్ల నా పక్కన కూసోని మెల్లగ అడిగింది: "ఆయన ఏమనుకుంటడో అని తాగినవా బిడ్డా?" ఆమె పోయేదాకా మళ్లీ ఆ ముచ్చట తీయలే. ఆ పిల్లల మొహాలు మాత్రం నాకు ఇప్పటికీ కలలకొస్తయి.

ఇంటికొచ్చినంక లెక్క కట్టిన. ఒక పోత దగ్గర దగ్గర 30 మిల్లీలీటర్లు. చోటుకు ఆరు రకాల లెక్కన రోజుకు నాలుగు చోట్లు తిరిగితే 720. నిండు సీసా 750. ఊరికే రుచి చూసుడంటే ఇది. ఈ రాష్ట్రంల రక్తంల ఆల్కహాల్ 0.08 శాతం ఉంటే నేరం, 0.05 దాటినా కేసే. నాకు అప్పటికి గ్రీన్ కార్డు ఉండె. నువ్వు వీసా మీద ఉన్నవు. తాగి నడిపినవని అరెస్టు చేస్తే చాలు, కోర్టు ఏమన్నా అనకముందే వీసా రద్దు చేయనీకి వాళ్లకు అధికారం ఉన్నది. నీ చదువుకు మీ బాపు అమ్మిన రెండెకరాలు నాకు ఎరుకే.

కోపంగ రాస్తున్ననని అనుకోకు. నువ్వు రుచి చూడాలె, మంచిగ చూడాలె. అందుకే బండి నువ్వు నడపొద్దు. ఉమ్ముడు అక్కడ మర్యాద తప్పుడు కాదు, వైన్ తెలిసినోళ్లందరూ చేసే పనే. వచ్చే ముందు ఇంట్ల సింకు దగ్గర నీళ్లతోని నేర్చుకో, సిగ్గు పోతది. ఒక కాగితం కప్పు అడిగి చేతుల పట్టుకో.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి సెనెకా ఒడ్డునున్న జెనీవా ఊర్ల మిమ్మల్ని కలుస్త. మీ బండి అక్కడే పెట్టి నా దాంట్ల ఎక్కుండ్రి, మూడు చోట్లూ నేనే తిప్పుత. నా గ్లాసుల నీళ్లు పోయమని చెప్పు. సర్వపిండి చేసి డబ్బాల పెట్టుకొస్త. రాత్రికి రాచెస్టర్‌లనే ఉండుండ్రి, వెనక గదిల నాలుగు పరుపులు వేసి పెట్టిన.

మీ అత్త