ఎఫ్‌ఎంఆర్‌ఐలో (మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో చూపే స్కాన్) పి విలువ (అసలు ప్రభావమే లేకున్నా ఇంతటి లేదా ఇంతకు మించిన ఫలితం కాకతాళీయంగా వచ్చే అవకాశం) 0.05 కంటే తక్కువ వస్తే చాలదా, మళ్లీ దిద్దుబాటు ఎందుకు?

చాలదు, ఒకేసారి వేలకొద్దీ పరీక్షలు చేస్తారు కాబట్టి, పరీక్షల సంఖ్యను బట్టి ఆ గీతను కఠినం చేసే దిద్దుబాటు లేకపోతే ఏమీ జరగనిచోట కూడా మెదడు "వెలిగినట్టు" కనిపిస్తుంది. మెదడు చిత్రాన్ని వోక్సెల్ అనే చిన్న చిన్న ఘనాలుగా విడగొట్టి, ఒక్కోదానికీ విడిగా పరీక్ష పెడతారు. 1,00,000 వోక్సెళ్లుంటే, అసలు ప్రభావమే లేకున్నా సగటున 5,000 వోక్సెళ్లు కాకతాళీయంగా ఆ 0.05 గీత దాటేస్తాయి.

2009లో చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి మనుషుల ఫొటోలు "చూపించారు" (అవును, చచ్చిన చేపకే). దాని మెదడులోనూ కొన్ని వోక్సెళ్లు చురుగ్గా ఉన్నట్టు తేలింది. దిద్దుబాటు చేయగానే అన్నీ మాయం!

చాలామంది పొరబడేది ఎఫ్‌డీఆర్ (ఫాల్స్ డిస్కవరీ రేట్) అనే దిద్దుబాటు పద్ధతి దగ్గర. 5 శాతం ఎఫ్‌డీఆర్ అంటే మొత్తం మెదడులో 5 శాతం తప్పని కాదు, వెలిగినవాటిలో సగటున 5 శాతం దాకా ఉత్తుత్తివి కావచ్చని.