టైంటేబుల్ సంగతి తర్వాత, ముందు అమ్మ పక్కన పీటేసుకుని కూర్చో

ప్రశ్న: మేడమ్, మాది దిల్‌సుఖ్‌నగర్. ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ అయిపోయింది. పరీక్షలయ్యాక కూడా సెకండియర్ సిలబస్ అని హాస్టల్లోనే ఉంచి, మొన్న గురువారం ఇంటికి పంపారు. సెలవుల్లో బాగా చదవాలనుకున్నా కానీ మొదటి వీకెండే వేస్ట్ అయింది. శనివారం పదింటికి లేచి కూలర్ ముందు పడుకుని ఫోన్ చూశా, సాయంత్రం డాబా మీద షటిల్ ఆడాం. ఆదివారం ఫ్రెండ్‌తో మెట్రోలో నాంపల్లి వరకు వెళ్లి, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కున్నాం. తిరిగొచ్చేటప్పుడు కింద పోర్షన్ ఆంటీ "మీ అమ్మ తొక్కు డల్లాస్ దాకా పోతుందంట గదా" అంది. అమ్మ ఈ ఎండాకాలం నుంచి పచ్చళ్లు పెట్టి అమ్ముతోందని నాకు అలా తెలిసింది. పైకి వచ్చాక ఫ్రెండ్ "ఇన్ని కాయలేంటే" అంటే ఊళ్లో చుట్టాలకి అని చెప్పా. అమ్మ అక్కడే ఉంది కానీ ఏమీ అనలేదు. ఇల్లంతా కారం ఘాటు, సాయం చేస్తానంటే నువ్వు చదువుకోపో అంటుంది. ఈ గోలలో చదువు సాగట్లేదు. జూన్‌లో కాలేజీ తెరిచేలోపు టైంటేబుల్ ఎలా వేసుకోవాలి? ఫోన్ ఎలా తగ్గించుకోవాలి?

జవాబు: నువ్వడిగింది రెండు ముక్కల్లో చెప్పేస్తా తల్లీ. పొద్దున్న ఐదున్నరకి లేచి ఎండ ముదిరేలోపు మూడు గంటలు, రాత్రి భోజనానికి ముందు గంటన్నర కూర్చో. ఎప్‌సెట్‌లో 160 మార్కులుంటే అందులో 80 లెక్కలవే, కాబట్టి బుర్ర తేటగా ఉన్న పొద్దుటిపూట లెక్కలకి ఇచ్చెయ్. ఆ గంటల్లో ఫోన్ అమ్మ చేతికిచ్చెయ్. అయిపోయింది, ఇంతకుమించి టైంటేబుల్ గురించి నాకు తెలిసిందేం లేదు. పదింటికి లేచావని, షటిల్ ఆడావని, పాత పుస్తకాలు కొన్నావని అస్సలు బాధపడకు, ఏడాదంతా హాస్టల్లో గంట కొడితే లేచి గంట కొడితే పడుకున్న పిల్ల రెండ్రోజులు నిద్రపోతే తప్పేంటి.

నా మనసు పట్టేసుకుంది వేరే మాట. "అమ్మ అక్కడే ఉంది కానీ ఏమీ అనలేదు" అని రాశావే, అది. ఆ మాట రాసేసి వెంటనే కారం ఘాటు గురించి, చదువు గురించి వెళ్లిపోయావు. నేను మాత్రం అక్కడే ఆగిపోయా, మళ్లీ మళ్లీ చదివా. నువ్వు చుట్టాలకి అన్నప్పుడు మీ అమ్మ చేతిలో ఏముంది, తలెత్తిందా, వంటింట్లోకి వెళ్లిపోయిందా? గుర్తు తెచ్చుకో. నీకు గుర్తుందనే నా నమ్మకం, లేకపోతే ఆ మాట నాకు రాసేదానివే కాదు.

ఆవకాయ పెట్టడం నువ్వెప్పుడైనా మొదట్నుంచి చివరిదాకా చూశావా? చూసుండవు, ఆ టైంకి ఎప్పుడూ పరీక్షలో కోచింగో ఉండుంటాయి. పుల్లటి గట్టి కాయ ఏరుకుని తేవాలి, కడిగి తడి లేకుండా తుడవాలి, టెంకతో సహా ముక్క కొట్టాలి. మార్కెట్లో కొట్టించుకొచ్చినా సరే, ప్రతి ముక్కలోంచి జీడి తీసి, టెంక లోపల అంటుకున్న పల్చటి పొరని చెంచాతో గీకి, మళ్లీ పొడిగుడ్డతో తుడవాలి. ప్రతి ముక్కనీ అమ్మా. ఒక్క చుక్క తడి ఉన్నా జాడీ మొత్తానికి బూజు పడుతుంది. ఆ తర్వాత ఆవపిండి, కారం, ఉప్పు, నూనె, మీ ఇంట్లో వెల్లుల్లి కూడా వేస్తారేమో, అన్నీ చేత్తోనే కలపాలి, గరిటెతో కలిపితే ముక్కకి పట్టదు. మూడోరోజు మూత తీసి మళ్లీ కింద నుంచి పైకి తిరగకలిపి ఉప్పు చూసుకోవాలి. మన ఇంటికి ఒక జాడీ పెడితేనే ఆ రాత్రి చేతులు మండిపోయి నిద్ర పట్టదు, మీ అమ్మ అమ్మకానికి పెడుతోంది, ఈ హైదరాబాద్ ఎండల్లో, డాబా కింద మొదటి అంతస్తులో. డల్లాస్‌లో ఎవరో అన్నం కలుపుకుని బాగుంది అంటున్నారంటే ఆ చేతుల వల్లే. అంత పెద్ద సంగతి నీకు మెట్ల దగ్గర కింద పోర్షన్ ఆంటీ చెప్పాల్సొచ్చింది చూడు, నాకు అక్కడ కష్టమనిపించింది.

నా సంగతి ఒకటి చెప్తా. నీ వయసులో ఉన్నప్పుడు మా అమ్మ ఇంట్లో మిషన్ కుట్టేది. ఒకరోజు నా క్లాస్‌మేట్ వాళ్లమ్మ జాకెట్లు ఇవ్వడానికి మా ఇంటికే వచ్చింది, పక్కన ఆ అమ్మాయి కూడా ఉంది. నేను లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నా. అమ్మ రెండుసార్లు పిలిచింది, పలకలేదు. వాళ్లు వెళ్లాక నన్ను ఏమీ అనలేదు, అన్నం పెట్టింది. కానీ ఆ తర్వాత నుంచి నా ఫ్రెండ్స్ ఎవరొస్తున్నా ముందే మిషన్ మీద దుప్పటి కప్పేసేది. నీలం గళ్ల దుప్పటి. కప్పమని నేనెప్పుడూ అడగలేదు, వద్దనీ అనలేదు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది, ఆ దుప్పటి మాత్రం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. అందుకే నీకు ఇంత గట్టిగా చెప్తున్నా, మీ అమ్మ ఇంకా దుప్పటి కప్పడం మొదలుపెట్టలేదు, నీకు టైం ఉంది.

కష్టపడి నాలుగు రూపాయలు సంపాదించే మనిషిని చూసి సిగ్గుపడటం నాకు నచ్చదు. ఎవరిదీ దోచుకోకుండా, ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా తన చేతి పని అమ్ముకుంటున్న ఆడమనిషి ఇంటికి గౌరవం తెస్తుంది, నేను ఈ మాట మీద ఎవరితోనైనా వాదిస్తా. నీ సెకండియర్ ఫీజు ఎక్కడ్నుంచి వస్తుందో ఎప్పుడైనా అడిగావా? అడుగు. జవాబు ఏదైనా కావచ్చు, కానీ పదిహేడేళ్ల పిల్లకి ఇంటి లెక్క తెలిసుండాలి.

తప్పంతా నీదే అని మాత్రం అనను. "నువ్వు చదువుకోపో" అనే మాట మన ఇళ్లల్లో ప్రేమతోనే అంటారు, కానీ ఇంటర్ రెండేళ్లూ ఆ ఒక్క మాటతో పిల్లల్ని ఇంట్లోనే చుట్టాల్ని చేసేస్తున్నారు. నాయనమ్మకి ఒంట్లో బాలేకపోయినా చెప్పరు, నాన్న జాబ్ మారినా చెప్పరు, డిస్టర్బ్ అవుతుందని. మీ అమ్మ ఈ జవాబు చదివితే ఆవిడకీ ఒక మాట: అమ్మా, మీరు దాచింది మీ కష్టాన్ని, కానీ పిల్ల దాన్ని సిగ్గుపడాల్సిన విషయం అనుకుంది, దాచిపెట్టిన వాటిని పిల్లలు అలాగే అర్థం చేసుకుంటారు.

ఇప్పుడు నువ్వేం చెయ్యాలంటే, సాయం చేస్తానని అమ్మని అడగొద్దు, అడిగితే మళ్లీ పొమ్మంటుంది. వచ్చే శనివారం పొద్దున్న లెక్కలు అయిపోగానే పుస్తకం మూసేసి, పీటేసుకుని, చెంచా తీసుకుని జీడి తీయడం మొదలుపెట్టు. ఓ అరగంట లే లే అంటుంది, లేవకు. తర్వాత తనే కబుర్లలో పడుతుంది, ఎవరు ఎన్ని కిలోలు అడిగారో, ఎవరు డబ్బులివ్వకుండా తిప్పుతున్నారో అన్నీ అప్పుడే తెలుస్తాయి.

ఆవిడకి రాని పని, నీకు వచ్చిన పని కూడా ఒకటుంది. ఇంట్లో వండి అమ్మేవాళ్లు కూడా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, 2006లో వచ్చిన ఆహార భద్రత చట్టం ప్రకారం అది తప్పనిసరి, ఆన్‌లైన్‌లోనే అప్లై చెయ్యొచ్చు. 14 అంకెల నంబర్ వస్తుంది, దాన్ని డబ్బా మీద లేబుల్‌లో వెయ్యాలి, అందులో ఏమేం వేశారో, బరువెంతో, ఏ రోజు పెట్టిందో కూడా. మీ అమ్మకి ఆ వెబ్‌సైట్ తెరిచి కూర్చునే ఓపిక ఉండదు, నీకు ఆ ఫామ్ పెద్ద కష్టమేం కాదు. ఒక నోట్‌బుక్‌లో ఎవరికి ఎంత వెళ్లింది, కాయకెంత, నూనెకెంత, మిగిలిందెంత అని రాసిపెట్టు, చాలామంది ఆడవాళ్లు ఇంట్లో పని చేసి అమ్మి, వాళ్ల కష్టానికి లెక్క కట్టుకోకుండానే లాభం అనుకుంటారు.

ఇక ఫ్రెండ్ విషయం. ఫోన్‌లో మెసేజ్ పెట్టి తప్పించుకోకు. తిరగకలిపిన రోజు భోజనానికి పిలువు, వేడన్నంలో కొత్తావకాయ, నెయ్యి. అమ్మ వడ్డిస్తున్నప్పుడు, అమ్మ వింటుండగా, "అవి చుట్టాలకి కాదే, మా అమ్మ అమ్ముతోంది, నేను ఆరోజు నీకు అబద్ధం చెప్పా" అని చెప్పు. ఫ్రెండ్ ఏమనుకుంటుందో దాని ఇష్టం. నువ్వు ఆ మాట అంటున్నప్పుడు అమ్మ మొహం చూడు.

ఆ రాత్రి ఆవిడ చేతుల మంట తగ్గడానికి చల్లనీళ్లలో పెట్టుకుంటూ ఉంటుంది, నీళ్లకి కారం మంట పోదు. కొబ్బరినూనె బాగా పట్టించి, వేళ్ల మధ్య కూడా రుద్ది, కాసేపాగి సబ్బుతో నువ్వే కడుగు.