చేను నిండా పత్తే, పప్పు మాత్రం దుకాణంల కొనుడు

ప్రశ్న: అక్కా నమస్తే. మాది దేవరకొండ దిక్కు పల్లె. మూడెకరాల చెల్క, బోరు లేదు, మొత్తం పత్తే పెడ్తం. రేషన్ బియ్యం వస్తయి కాబట్టి అన్నానికి ఇబ్బంది లేదు గానీ పప్పు, నూనె, కూరగాయలు అన్నీ కొనుడే. ఆగస్టు, సెప్టెంబర్ల చేతుల పైసలుండయ్, పిల్లలకు ఉట్టి చారుబువ్వే. పత్తి తగ్గిస్తే అప్పెట్ల తీరుతది అంటడు మా ఇంటాయన. ఏం చెయ్యాలె?

జవాబు: చెల్లె, ఇయ్యాల మన నల్గొండ, పాలమూరు చెల్కలల్ల మస్తు ఇండ్లది ఇదే కథ. 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తున్నయి, మంచిదే, కానీ బియ్యంతోని కడుపు నిండుతది, బలం రాదు. పప్పులు, గుడ్డు, మాంసం అన్నీ కలిపి మనిషికి రోజుకు 85 గ్రాములు ఉండాలంటరు హైదరాబాద్ తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు. అయిదుగురున్న ఇంటికి అందుల సగం పప్పే అనుకున్నా ఏడాదికి 75 కిలోల పైనే కావాలె, అంత పప్పు కొని తినుడు చిన్న రైతుతోని అయితదా చెప్పు.

మీ ఇంటాయన చెప్పేది కొట్టిపారెయ్యను, అప్పు ఉన్నోళ్లకే తెలుస్తది ఆ బాధ. అందుకే పత్తి తీసెయ్యమంటలేను. ఆరు సాళ్ల పత్తికి ఒక సాలు కంది వెయ్యుండ్రి. కంది వేరు లోతుకు పోతది, వానలు ఎనకాముందైనా తట్టుకుంటది, పత్తి దెబ్బతిన్న ఏడాది కూడా ఎంతోకొంత చేతికొస్తది. తేలిక నేలలైతే పాలెం పరిశోధన స్థానం వాళ్ల పీఆర్‌జీ 176 రకం తొందరగ కోతకొస్తది, మీ ఏఈఓని, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని అడుగుండ్రి. వచ్చిన కందులల్ల ముందుగాల ఇంటికి కావలసినయి పక్కకు తీసి, బాగ ఎండబెట్టి, ఎండిన యాపాకు వేసి దాచుండ్రి, ఆ తర్వాతనే మిగిలినయి అమ్ముండ్రి. ఈ ఒక్క మాట మీద మాత్రం గట్టిగ నిలబడు చెల్లె, ఎందుకంటే కల్లంలనే అన్నీ అమ్మి మళ్లా ఎండాకాలం అదే పప్పు ఎక్కువ ధరకు కొనే ఇండ్లను మస్తు చూసిన.

ఇంకోటి, విత్తనం కాడ జాగ్రత్త. కలుపు మందు కొట్టినా పత్తి సావదని చెప్పి చాటుగ అమ్ముతున్నరు చూడు, వాటికి అనుమతి లేదు, పైగా ఆ మందు కొడితే నడుమ వేసిన కంది, పుంటికూర, అలసంద అన్నీ మాడిపోతయి. ఆ విత్తనం తెచ్చిండ్రంటే ఇగ అంతరపంట ముచ్చటే లేదు. మందు కొట్టిన చేన్ల దొగ్గలికూర, తోటకూర కూడా తెంపకు.

జొన్న వెయ్యాలని ఉంటే మీరొక్కరే వెయ్యకుండ్రి, ఊర్ల ఒక్క చేనే జొన్న ఉంటే పిట్టలన్నీ దానిమీదనే పడ్తయి. పక్క చేన్లోళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి తలా అరెకరం వేస్తే కావలి పంచుకోవచ్చు, బర్రెలకు చొప్ప కూడా అయితది. ఇంటెనక బాసన్లు కడిగిన నీళ్లు పోయేకాడ బీర, ఆనిగెపు తీగలు పెట్టుండ్రి, ఆగస్టు కరువుకు అవే అక్కరకొస్తయి. చిన్నపిల్లలుంటే అంగన్‌వాడీల గుడ్లు, బాలామృతం ఇడిసిపెట్టకు.

మీ ఆయనకు నమ్మకం కుదరకపోతే ఈ వానాకాలం ఒక్క ఎకరంలనే కంది సాళ్లు వేసి చూడమను, మిగతా రెండెకరాలు ఎప్పటి లెక్కనే పత్తి పెట్టనీ.