కారు ఆపిన రోజూ, ఆ తర్వాతి ఐదేళ్లూ

చిట్టీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో సగం ఏడుస్తూ చెప్పింది నాకు ముక్క అర్థం కాలేదు. పొద్దున మీ ఆయన్ని అడిగి తెలుసుకున్నాను. గంటకి 30 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద 38లో పోతుంటే పోలీసు చెయ్యెత్తి ఆపాడు, పేరూ అడ్రసూ రాసుకున్నాడు, ఉత్తరం వస్తుందని చెప్పి పంపేశాడు. అంతే కదా! ఇరవై రెండేళ్లుగా ఈ ఇంగ్లండ్‌లో కారు నడుపుతున్నాను, నేనూ దొరికాను. ఫోన్‌లో చెబితే నువ్వు సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ఆపినాయనతో వాదించలేదట, మంచి పని చేశావు. తెనాలిలో మీ నాన్న స్కూటర్ ఆపితే ఒక నవ్వు నవ్వి, తెలిసినవాళ్ల పేరు ఒకటి చెప్పి బయటపడేవాడు. ఇక్కడ ఆ నవ్వు చెల్లదు. హైదరాబాద్‌లో మీ అన్నయ్య చలాన్లన్నీ పోగేసుకుని 2022లో ప్రభుత్వం తగ్గింపు ఇచ్చాక కట్టాడు చూడు, ఆ తెలివీ ఇక్కడ పనికిరాదు. ఇక్కడ ఆలస్యం చేసేకొద్దీ పెరుగుతుంది.

"అక్కడ బోర్డే లేదు అత్తయ్యా" అన్నావట. వీధి దీపాలే బోర్డమ్మా. ఇంగ్లండ్‌లో దీపస్తంభాలు వరసగా ఉండి, వేరే అంకె ఎక్కడా రాసి లేకపోతే ఆ రోడ్డు 30 కిందే లెక్క. వేల్స్‌లో 2023 సెప్టెంబర్ నుంచి అదే 20 అయింది. నేను దొరికిందీ ఇలాగే. రోడ్డు వెడల్పుగా ఉంది, ఇది 40 అయి ఉంటుందని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. చెట్టు పక్కన స్పీడ్ కెమెరా ఉన్న తెల్ల వ్యాన్ కనబడి బ్రేక్ మీద కాలు వేసేసరికి అయిపోయింది.

ఇప్పుడు వచ్చే ఉత్తరం సంగతి. 30 రోడ్డు మీద 35 నుంచి 42 లోపు దొరికినవాళ్లకి, గత మూడేళ్లలో ఒకసారి వెళ్లి ఉండకపోతే, మామూలుగా స్పీడ్ అవేర్‌నెస్ కోర్సుకి వెళ్లే అవకాశం ఇస్తారు. అది హక్కు కాదు, ఇవ్వాలా వద్దా అన్నది పోలీసుల ఇష్టం. ఇస్తే మాత్రం కళ్లకద్దుకుని తీసుకో. ఖర్చు ఇంచుమించు వంద పౌండ్లే, జరిమానాతో సమానం. ఆన్‌లైన్‌లోనే రెండున్నర గంటలకి పైగా కూర్చోబెడతారు, కెమెరా ఆన్‌లో ఉండాలి, కాబట్టి పక్కన పెట్టి కూరలు తరుగుదామనుకోకు. కోర్సు పూర్తిచేస్తే, తప్పు చేసినందుకు లైసెన్స్ మీద వేసే పాయింట్లు పడవు. ఇవ్వకపోతే 100 పౌండ్ల జరిమానా, లైసెన్స్ మీద మూడు పాయింట్లు. నువ్వు నడిపిన మాట నిజమే కాబట్టి 28 రోజుల గడువులోపే ఒప్పేసుకుని కట్టెయ్యి. కోర్టుదాకా పోతే నీ వారం జీతాన్ని బట్టి జరిమానా లెక్కగడతారు, కోర్టు ఖర్చులు అదనం.

నీ విషయంలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకు. మామూలు డ్రైవరుకి మూడేళ్లలో 12 పాయింట్లు చేరితే లైసెన్స్ ఆపుతారు. నువ్వు టెస్టు పాసై ఏడాది కూడా కాలేదు. పాసైన నాటి నుంచి రెండేళ్లలోపు ఆరు పాయింట్లు చేరితే లైసెన్సే రద్దు. మళ్లీ ప్రొవిజనల్ అనే నేర్చుకునేవాళ్ల లైసెన్స్, మళ్లీ థియరీ, మళ్లీ ప్రాక్టికల్. ఇండియాలో పదేళ్లు నడిపానంటే లెక్కలోకి తీసుకోరు. ఇప్పుడు మూడు పడితే ఇంకో మూడే దూరం. స్టీరింగ్ దగ్గర ఫోన్ చేతిలోకి తీసుకుంటే 2017 నుంచి ఒక్క దెబ్బకి ఆరు పాయింట్లు, 200 పౌండ్లు. అంటే ట్రాఫిక్‌లో ఆగి వాట్సాప్ చూసినందుకే నీ లైసెన్స్ పోవచ్చు. ఆ ఫోన్ హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసి వెనక సీట్లో పెట్టు.

ఇక ఇన్సూరెన్స్. నువ్వు వంద పౌండ్ల గురించి ఏడుస్తున్నావు కానీ అసలు ఖర్చు అది కాదు. నాకు మూడు పాయింట్లు పడ్డాక జరిమానా ఒక్కసారి కట్టాను, ప్రీమియం పెంపు మాత్రం రెన్యువల్ వచ్చినప్పుడల్లా కట్టాను. నేను చేసిన తప్పు ఇంకొకటుంది. స్పీడింగ్ పాయింట్లు మూడేళ్లు లెక్కలో ఉంటాయి, నాలుగేళ్లు లైసెన్స్ రికార్డులో ఉంటాయి. నాలుగేళ్లయ్యాక రికార్డు చూసుకుంటే శుభ్రంగా ఉంది. హమ్మయ్య అనుకుని ఫారంలో "లేవు" అని టిక్ పెట్టబోయాను. మీ మామయ్య వెనక నుంచి "ప్రశ్న మళ్లీ చదువు" అన్నాడు. "గత ఐదేళ్లలో" అని ఉంది. చాలా కంపెనీలు అడిగేది ఐదేళ్లే. కాబట్టి నీకు పాయింట్లు పడితే, తప్పు జరిగిన తేదీ, ఏ తప్పో చెప్పే కోడ్, ఎన్ని పాయింట్లు అన్నవి ఫోన్‌లో రాసి పెట్టుకో. కోడ్ నీకైతే ఎస్పీ 30, మోటర్‌వే మీదైతే ఎస్పీ 50. ఫారంలో ఇవే అడుగుతారు.

మీ ఆఫీసులో ఎవరో "చెప్పకు, వాళ్లకెలా తెలుస్తుంది" అన్నారట. ఎలాగంటే, ప్రీమియం ఎంతో చెప్పే కోట్ తీసుకునేటప్పుడు నీ లైసెన్స్ నంబర్ అడుగుతారు, దాంతో లైసెన్సులిచ్చే ఆఫీసు డీవీఎల్ఏ రికార్డు నేరుగా చూసుకునే వీలుంది. చూడకపోయారే అనుకో, క్లెయిమ్ రోజున చూస్తారు. 2012 ఇన్సూరెన్స్ చట్టం ప్రకారం అడిగిన ప్రశ్నకి జాగ్రత్తగా, నిజంగా జవాబివ్వడం మన బాధ్యత. పొరపాటున తప్పు చెప్పావని తేలితే క్లెయిమ్‌లో కోత పెట్టొచ్చు: నిజం చెబితే 800 కట్టాల్సిన ప్రీమియం నువ్వు 600కే తీసుకున్నావనుకో, 8,000 నష్టానికి 6,000 చేతిలో పెడతారు. తెలిసే దాచావని తేలితే పాలసీయే చెల్లదంటారు, కట్టిన డబ్బూ తిరిగి రాకపోవచ్చు. ఆ తర్వాత ప్రతి కంపెనీ "నీ పాలసీ ఎప్పుడైనా రద్దయిందా" అని అడుగుతుంది. దాని ముందు మూడు పాయింట్లు ఎంత!

అలాగని అడగనిదంతా నోరు జారి చెప్పనక్కర్లేదు. కోర్సు శిక్ష కిందికి రాదు, ఎక్కువ కంపెనీలు దాని గురించి అడగవు. అడిగితే మాత్రం ఉన్నది చెప్పు. పాయింట్లు పడితే సంవత్సరం మధ్యలోనే చెప్పాలా, రెన్యువల్‌కి చెబితే చాలా అన్నది పాలసీ కాగితాల్లో రాసి ఉంటుంది, అది చదువు. రెన్యువల్‌కి మూడు వారాల ముందే నాలుగైదు చోట్ల కోట్లు చూడు. అవే మూడు పాయింట్లకి ఒక కంపెనీ భారీగా పెంచితే ఇంకోటి పెద్దగా పట్టించుకోకపోవచ్చు. పాత కంపెనీ దానంతటదే రెన్యూ చేసేస్తే నష్టపోయేది నువ్వే.

మీ ఆయన ఒక మాటన్నాడు, నవ్వుతూనే అనుకో: "ఈసారి కెమెరాకి దొరికితే నేను నడిపానని రాసేద్దాం" అని. ఆ నవ్వు ఆపమను. క్రిస్ హ్యూన్ అని ఇక్కడ మంత్రిగా చేసినాయన 2003లో తన స్పీడింగ్ పాయింట్లు భార్య మీదికి తోశాడు. పదేళ్ల తర్వాత, 2013లో, ఇద్దరికీ చెరో ఎనిమిది నెలల జైలు పడింది.

చివరగా అడ్రసు. మన వైపు అబ్బాయే ఒకడు రెండేళ్లలో మూడు ఇళ్లు మారాడు. లైసెన్స్ మీద అడ్రసు మార్చుకున్నాడు, కారు రిజిస్ట్రేషన్ కాగితం వి5సి మీద మార్చలేదు. రెండూ వేరువేరుగా మార్చాలని తెలియదు పాపం. కెమెరా ఉత్తరం వి5సి అడ్రసుకే వెళ్తుంది. పాత ఫ్లాట్ తలుపు వెనక పిజ్జా కరపత్రాల కింద పడి ఉంది. ఎవరు నడిపారో 28 రోజుల్లో చెప్పలేదని కేసు పెట్టి ఆరు పాయింట్లు వేశారు. స్పీడింగ్ ఒక్కటే అయితే మూడుతో పోయేది. పైగా డ్రైవరెవరో చెప్పనందుకు పడే ఆ ఎంఎస్ 90 కోడ్‌ని ఇన్సూరెన్స్ వాళ్లు స్పీడింగ్ కంటే అనుమానంగా చూస్తారు.

నీ ఉత్తరం నువ్వు పోలీసుకి చెప్పిన అడ్రసుకి వస్తుంది. మీరు రీడింగ్ నుంచి స్లౌకి మారి నెల కూడా కాలేదు. నువ్వు నోటితో చెప్పావా, లైసెన్స్ చూపిస్తే అందులోది రాసుకున్నాడా? లైసెన్స్‌లోదే అయితే ఇవాళే పాత ఇంటి ఓనరుకి ఫోన్ చేసి, నీ పేరుతో కవరు వస్తే తీసి ఉంచమని చెప్పు. సాయంత్రం లైసెన్స్, వి5సి రెండూ ఫోటో తీసి నాకు పంపు.

మీ అత్తయ్య