శ్మశాన వైరాగ్యం ఎవరినీ మార్చదు: మా నాన్నగారి కళ్లు నాకు నేర్పినది

"ఎప్పటికైనా చనిపోతామన్న ఎరుక మీ విలువలను, జీవిత లక్ష్యాన్ని ఎలా మార్చింది?" అని నన్ను ఒకరు అడిగారు. ఆ ఎరుక ఒక్కటే ఎవరినీ మార్చదని నా గట్టి నమ్మకం. కాటి నుంచి వచ్చి స్నానం చేసేసరికే శ్మశాన వైరాగ్యం కరిగిపోవడం అందరమూ చూసినదే. చావును తలచుకొని బతికుండగానే ఒక పని చేసి పెట్టుకున్నవారిలో మాత్రమే నేను మార్పును చూశాను.

ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన మా నాన్నగారు డెబ్బై దాటాక నేత్రదాన అంగీకార పత్రం మీద సంతకం చేశారు. అంతటితో ఊరుకోకుండా, భోజనాల వేళ మా అందరికీ తన కోరిక చెప్పి, నేత్రనిధి (దానమిచ్చిన కళ్లను సేకరించే ఐ బ్యాంకు) ఫోను నంబరును గోడ క్యాలెండరు మీద పెద్ద అంకెలతో రాసి, ఏటా కొత్త క్యాలెండరు రాగానే తన చేత్తోనే మళ్లీ ఎక్కించేవారు. ప్రాణం పోయిన ఆరు గంటల లోపు కార్నియా, అంటే కంటి ముందుభాగంలోని పారదర్శకమైన పొర, సేకరించాలనీ, పోయినవారు సంతకం చేసి ఉన్నా ఇంటివారు ఒప్పుకోకపోతే సాధారణంగా కళ్లు తీసుకోరనీ ఆయనకు తెలుసు.

ఆయన తెల్లవారుజామున పోయారు. అమ్మ ఏడుస్తూనే ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, వాటి మీద తడి దూది ఉంచి, తల కింద రెండు దిండ్లు పెట్టింది. అవన్నీ ఆయనే నేర్పి ఉంచారు. నేను ఫోను చేశాను. నేత్రనిధి వారు వచ్చేలోగా ఇల్లు బంధువులతో నిండింది. "కళ్లు తీసి పంపిస్తే మా తమ్ముడు వచ్చే జన్మలో గుడ్డివాడై పుడతాడే" అని మేనత్త అడ్డుపడింది. ఆడపడుచు ఎదుట ఏనాడూ గొంతెత్తని మా అమ్మ, "వదినగారూ, శ్రీకాళహస్తిలో తిన్నడు తన కన్ను పెరికి శివుడికి పెట్టాడు కదా, ఆయనకు ముక్తి వచ్చిందా, గుడ్డితనం వచ్చిందా?" అని అడిగింది. ఆ తరువాత ఎవరూ మాట్లాడలేదు. వచ్చినవారు తలుపు వేసుకొని అరగంట లోపే పని ముగించారు, పరీక్షల కోసం కొద్దిగా రక్తం కూడా తీసుకున్నారు. ముఖం చెక్కుచెదరలేదు. మేనత్త దగ్గరికి వెళ్లి చూసి, తమ్ముడి నుదురు నిమిరింది.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. అంతకుముందు మాకు తెలిసిన ఒక డాక్టరుగారే "ఈ వయసు కళ్లు ఏం పనికొస్తాయి" అని నాన్నగారిని నిరుత్సాహపరిచారు. వయసు, కళ్లజోడు, శుక్లాల ఆపరేషను, మధుమేహం నేత్రదానానికి అడ్డు కావు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, రేబిస్ వంటివి ఉన్నవారి కళ్లు మాత్రం తీసుకోరు. చదువుకున్నవారే ఇలా మాట్లాడితే ఊళ్లో వారికి ఎవరు చెప్పాలి? పెద్దకర్మకు వందలమందికి భోజనాలు పెట్టి, వీధి పొడవునా ఫ్లెక్సీలు కట్టడానికి సిద్ధపడే కుటుంబాలు ఒక్క ఫోను చేయడానికి మాత్రం వెనకాడతాయి.

నాన్నగారి కార్నియాలు ఎవరికి అమర్చారో మాకు చెప్పలేదు. ఆ వివరాలు గోప్యంగా ఉంచుతారు. నా విలువలను మార్చింది ఆ గోప్యతే. మన తరువాత మిగిలేది వంశానికీ, ఇంటిపేరుకూ చెందాలని పెరిగినవాణ్ని నేను. పేరు తెలియని, కృతజ్ఞత చెప్పే వీలైనా లేని మనిషికి చేరినదే నాన్నగారు వదిలి వెళ్లిన ఆస్తుల్లో పెద్దదని ఇప్పుడు అనుకుంటున్నాను. వీలునామా రాయడం, బ్యాంకు ఖాతాలకు నామినీని చేర్చడం వంటివి కూడా ఆ ఏడే పూర్తి చేశాను, ఎందుకంటే నా చావు ఇంట్లోవారికి చిక్కుముడి కాకూడదు.

ఏటా ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 వరకు నేత్రదాన పక్షోత్సవాలు జరుగుతాయి. కళాశాలల్లో పిల్లల చేత సంతకాలు చేయించి, ఫొటోలు దిగి పంపేస్తారు. ఇంట్లో చెప్పారా అని అడిగేవారు తక్కువ. మా ఊరి కళాశాలకు నన్ను పిలిచినప్పుడల్లా, తల్లిదండ్రులు కూడా వస్తేనే పత్రాలు ఇస్తానని ముందే చెబుతున్నాను.