ఇంట్లో బీర్ చేసుకుంటే మొదటిసారే కుదురుతుందా? మీ అనుభవం ఏంటి?

నాకైతే కుదరలేదు. రెండోసారి కుదిరింది. మధ్యలో యాభై సీసాల బీరు సింకులో పోశాను.

నేనుండేది డాలస్‌లో. 1978లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం పుణ్యమా అని ఇక్కడ ఇంట్లో తాగడానికి బీర్ కాచుకోవచ్చు, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా. అమ్మకూడదు. మన దగ్గర లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజ్ వాళ్ళతో పని పడుతుంది. కాబట్టి మీరు అడిగేది హైదరాబాద్ నుంచయితే చదివి ఊరుకోండి.

5 గ్యాలన్ల పేల్ ఏల్ (ఒక రకం బీర్) కిట్ తెచ్చాను. బార్లీ మొలకెత్తించే తంటా లేదు, ఆ మొలకల సారం, అంటే మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ బెల్లం పాకంలా డబ్బాలో వస్తుంది. నీళ్ళు మరిగించి అందులో కలపడమే. కలిపి ఇటు తిరిగానో లేదో పొంగింది. పాలయితే మంట ఆపగానే దిగుతాయి. మాది కరెంటు పొయ్యి, ఆపినా వేడి పోదు. గిన్నె పక్కకి లాగేలోపు అంతా కారి, అద్దం మీద నల్లగా మాడి కూర్చుంది. బ్లేడుతో గీకుతుంటే మా ఆవిడ ఏమీ అనలేదు, అదే భయం వేసింది.

అసలు తప్పు అది కాదు. చేదు కోసం హాప్స్ పూలు వేసి గంట మరిగించాను, ఐసులో చల్లార్చాను, బకెట్టూ మూతా గరిటా శానిటైజర్‌లో ముంచాను, ఈస్ట్ చల్లాను. అంతా చేసి బకెట్ తీసుకెళ్ళి గరాజ్‌లో పెట్టాను. జులై నెల, అక్కడ 35 డిగ్రీలు. దోసెల పిండి వెచ్చగా ఉంటేనే కదా బాగా పులిసేది, అని నా లెక్క! మర్నాటికే మూత మీద గ్యాసు బయటికి వదిలే ఎయిర్‌లాక్ గుడగుడమంటుంటే వీడియో తీసి అందరికీ పంపాను. మూడు వారాలయ్యాక సీసా తీస్తే గోళ్ళరంగు తుడిచే మందు వాసన. ఒక్క గ్లాసుకే తెల్లారి తలనొప్పి. ఈ రకం ఈస్ట్‌కి 18–20 డిగ్రీలుండాలి. అది పులిసేటప్పుడు తనే ఇంకో రెండు మూడు డిగ్రీలు పెంచుకుంటుంది కూడా. వేడెక్కితే ఘాటైన వేరే ఆల్కహాళ్ళు పుట్టిస్తుంది, ఎన్నాళ్ళు నిలవబెట్టినా ఆ ఘాటు పోలేదు.

రెండోసారి అదే కిట్. ఇంట్లో ఓ మూల టబ్బులో నీళ్ళు పోసి బకెట్ దింపాను. దానికో పాత టీషర్టు తొడిగి అంచులు నీళ్ళలో మునిగేలా వదిలి, ఎదురుగా ఫ్యాన్ పెట్టాను. మంచినీళ్ళ కుండకి తడిగుడ్డ చుట్టినట్టే. పొద్దునా సాయంత్రం రెండు గడ్డకట్టిన నీళ్ళ సీసాలు టబ్బులో వేస్తే 19 దగ్గర నిలిచింది.

ఇంకోటి: బుడగలు ఆగాయి కదాని సీసాల్లో నింపెయ్యకండి. చక్కెర ఎంత మిగిలిందో సాంద్రతని బట్టి చెప్పే హైడ్రోమీటర్ నాకు 1.050 నుంచి 1.012కి దిగింది, అంటే దాదాపు 5 శాతం ఆల్కహాల్. అదే అంకె మూడు రోజులు కదలకుండా ఉన్నాకే నింపాను. గ్యాసు కోసం మొత్తానికి 120 గ్రాముల చక్కెర, తూకం వేసి మరీ. పులియడం పూర్తి కాకుండా నింపినా, చక్కెర ఎక్కువైనా సీసాలు పేలతాయి.

ఈసారి నారింజ తొక్క వాసన, చివర్లో సన్నటి చేదు. మా బావమరిది ఒక గుక్క తాగి, "లేబుల్ ఎందుకు పీకేశావు బావా?" అన్నాడు.