వికృత దర్పణమా, వంగుడు అద్దమా?

సందేహం: మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. ఆప్టిక్స్ ల్యాబులో కొత్తగా చేరే పిల్లల కోసం తెలుగులో చిన్న నోట్సు రాస్తున్నాను. డీఫార్మబుల్ మిర్రర్‌కి ‘వికృత దర్పణం’ అని పెడితే మావాళ్లు నవ్వుతున్నారు. తప్పేమిటండీ? వేవ్‌ఫ్రంట్, స్ట్రోక్, హిస్టరిసిస్, యాక్చుయేటర్‌లకు ఏ మాటలు వాడాలి?

సమాధానం: నవ్వరా మరి! ‘వికృత’ అనగానే అందవికారమే తోస్తుంది. తెలుగు మేష్టారికైతే ప్రకృతి–వికృతులు గుర్తొస్తాయి. ఫిజిక్సు పుస్తకంలోనేమో వికృతి అంటే స్ట్రెయిన్. అన్నిటికీ మించి, ‘వికృత’ అంటే ఇప్పటికే రూపు చెడినది. మీ అద్దం చెడలేదు, చెప్పినట్టు వంగుతుంది. వెనకున్న యాక్చుయేటర్లు, అంటే అద్దాన్ని కదిపే చిన్న పరికరాలు, ఎక్కడెంత కదిపితే అక్కడంత వంగి, గాలి పొరల్లో చెదిరిన వెలుగును సరిచేస్తుంది. చిలీలో పరనాల్ కొండ మీది వెరీ లార్జ్ టెలిస్కోపుల్లో ఒకదానికి ఇలాంటిదే ఉంది. వెడల్పు మీటరు పైచిలుకు, మందం 2 మిల్లీమీటర్లు, వెనక 1170 యాక్చుయేటర్లు!

‘విరూపణీయ దర్పణం’ అనొచ్చు కానీ, ఆ ‘అనీయ’కు ‘చేయదగిన’తో పాటు ‘చేయవలసిన’ అనే అర్థమూ ఉంది. నిగ్గుటద్దంలాగా ‘వంపుటద్దం’ అంటే టుగాగమం (సంధిలో మధ్యన ‘ట’ చేరడం) చక్కగా కుదురుతుంది, అర్థమే కుదరదు. గడ్డం గీసుకునే పుటాకార అద్దమూ వంపుటద్దమే కదా. నా ఓటు ‘వంగుడు అద్దాని’కి. తోపుడు బండి ఉండగా ఇదెందుకు ఉండకూడదు? విడదీసే రాయండి. సూత్రం పట్టుకుని కలిపితే ‘వంగుడుటద్దం’ అవుతుంది, నోరు తిరగదు.

వేవ్‌ఫ్రంట్‌కు పాఠ్యపుస్తకాల్లో ఉన్న ‘తరంగాగ్రం’ మంచి మాటే. చిక్కల్లా, అగ్రం అంటే కొస అనుకుని కెరటం శిఖరమని పిల్లలు పొరబడటంలో ఉంది. ఇది ‘అగ్రభాగాన నడిచాడు’లోని అగ్రం. ఆర్కే బీచ్‌లో నిలబడితే కెరటం ఒడ్డు పొడుగునా ఒకే బారుగా వస్తుంది చూడండి, ఆ బారును చూపించండి. అయితే అది శిఖరమే కానక్కర్లేదు. ఒకే దశలో, అంటే ఊగడంలో ఒకే స్థితిలో, ఉన్న చోట్లన్నీ కలిపితే ఒక తరంగాగ్రం. గాలి వల్ల ఆ బారు వంకర్లు పోతుంది, అద్దం దాన్ని మళ్లీ తిన్నగా చేస్తుంది.

స్ట్రోక్ అంటే మన ఊళ్లో పక్షవాతమే! యాక్చుయేటర్ గరిష్ఠంగా ఎంత దూరం కదలగలదో అది స్ట్రోక్. చాలా అద్దాల్లో కొన్ని మైక్రాన్లే. ‘తోపుడు మేర’ అనండి, చాలు.

హిస్టరిసిస్‌ను పుస్తకాల్లో ‘శైథిల్యం’ అన్నారు. ఆ మాట వింటే నాకు తొట్లకొండ శిథిలాలు కళ్లముందు కదులుతాయి. పీజో యాక్చుయేటర్‌కు (వోల్టేజి ఇస్తే సాగే రకానికి) వోల్టేజి పెంచి, మళ్లీ మొదటి అంకెకే తగ్గించినా అద్దం సరిగ్గా పాత చోటికి రాదు, కాస్త వెనకబడుతుంది. ‘వెనకబాటు’ అంటే సరిపోతుంది, గ్రీకు మూలంలోనూ ఉన్న భావం అదే.

యాక్చుయేటర్ జోలికి మాత్రం వెళ్లకండి. ‘ప్రేరకం’ అంటే కరెంటు పాఠంలోని ప్రేరణతో కలిసిపోతుంది. బేరింగు, వాల్వు ఉన్నట్టే దాన్నీ ఉండనివ్వండి.